తలుపు మీది రెండక్షరాలు

మా ఇంట్లో ఆదివారాలను ఎత్తుకుపోయేది ఓటీ. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బోగీల కింద, చక్రాల దగ్గర పని. పని ఎక్కువున్న నెలల్లో శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, వేళ్ళ సందుల్లో గ్రీజు తుడుచుకుంటూ, నా ముఖం చూడకుండా "రేపు ఓటీ ఉంది" అనేవారు. అంటే ఓవర్‌టైము. అంటే ఆరాధనకు నేనూ అత్తమ్మా ఇద్దరమే వెళ్ళాలి, మందిరంలో అడిగినవాళ్ళందరికీ "డ్యూటీ పడింది" అని చెప్పుకుంటూ.

ఆ మాట నాకు కొత్త కాదు. మాది కోస్తా వైపు. నాన్న ఉద్యోగం వల్ల సికింద్రాబాద్ వచ్చాం. పెళ్ళికి ముందు నేను ఇక్కడే, బైబిలు నేర్పే ఒక సాయంకాలపు వాక్య పాఠశాలలో చదివాను. గోడ మీద టైం టేబుల్లో కొన్ని రోజుల కింద ఓటీ అని ఉండేది. ఓల్డ్ టెస్టమెంట్, అంటే పాత నిబంధన. ఆ రోజుల్లో ఆ రెండక్షరాలు చూస్తే నాకు ఎడారి, గుడారాలు, బలిపీఠం, ఎప్పటికీ గమ్యం చేరనట్టు నడిచే జనం కళ్ళకు కట్టేవి. పెళ్ళయ్యాక అవే అక్షరాలు గ్రీజు వాసనతో ఇంట్లోకి వచ్చాయి.

తర్వాత ఇంకా వచ్చాయి. మా పక్క పోర్షన్లో ఉండే పాపకు చేతి పట్టు సరిగా రాలేదు. బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం లాంటివి నేర్పే చోటికి వాళ్ళమ్మ ఆటోలో తీసుకెళ్తుంది. దాన్నీ ఓటీ అనే అంటారు, ఆక్యుపేషనల్ థెరపీ. మా సంఘం ఫోన్ గ్రూపు చూసుకునే తమ్ముడు, ఎవరైనా ప్రార్థన అంశాల మధ్య చీరల ఫొటోలు పెడితే కింద ఓటీ అని రాస్తాడు. ఆఫ్ టాపిక్, విషయానికి సంబంధం లేనిది అని అర్థమట. అత్తమ్మ అది విని, "ఆ పొల్లగానికి రైల్వేల నౌకరి దొరికిందా ఏంది?" అంది.

వాక్య పాఠశాలలో మాకు చెప్పిన మాస్టారు ఒక విషయంలో చాలా గట్టిగా ఉండేవారు. ఒకే మాట రెండు చోట్ల కనబడగానే రెండింటికీ తాడు కట్టకండి అనేవారు. ఆ మాట ఎక్కడ నిలబడింది, ఎవరి పక్కన నిలబడింది, అది చూడండి. తాళ్ళు కట్టుకుంటూ పోతే చివరికి ఆ తాళ్ళలో మీరే చిక్కుకుంటారు. నేను మా మందిరంలో ఆడవాళ్ళకు వాక్యం నేర్పేటప్పుడు ఆ నియమాన్నే పాటించాను. అందుకే ఈ ఓటీలన్నింటినీ ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ఉంచుకున్నాను. మా ఆయనకు జబ్బు చేసిన ఏడాది మాత్రం ఓటీ అంటే మాకు ఆపరేషన్ థియేటరు ఒక్కటే. మా ఆయన అందులోకి వెళ్ళనన్నారు. వెళ్ళకపోతే మనిషి మిగులుతారో లేదోనని నా భయం.

మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు ఆయన కుడి డొక్క పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుండిపోయారు. నొప్పి భుజం దాకా పాకుతోందన్నారు. స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళు కనబడ్డాయి. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "నొప్పి పోయినా రాళ్ళు పోవు. ఏదో ఒక రోజు ఒక రాయి జారి నాళంలో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. తొందరగా తేదీ ఖాయం చేసుకోండి."

ఆ శుక్రవారం మందిరంలో ఉపవాస ప్రార్థన. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మా ఆయన తల మీద చేతులుంచి చాలాసేపు ప్రార్థించారు. మేమందరం మోకాళ్ళ మీదే ఉన్నాం. లేచేసరికి ఆయన నొప్పి ఆగింది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నారు, నిద్రపోయారు. ఆ రోజు నొప్పి ఆగింది ప్రార్థనతోనేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆయన లేచి మైకు అందుకున్నారు. మైకు అలవాటు లేని మనిషి. "ఓటీల పండవలసినోణ్ణి. దేవుడు ఓటీకి పోకుంటనే బాగుజేసిండు" అన్నారు. మందిరమంతా చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను. అయ్యగారు ఆ సాక్ష్యాన్ని మౌలాలిలో జరిగిన ప్రార్థన కూటంలో చెప్పారు, ఇంకా ఎక్కడెక్కడో చెప్పారు. బస్సులో ఎవరో తెలియని ఆవిడ నా చేయి పట్టుకుని, "మీరేనా సిస్టర్, ఆ బ్రదర్ గారి మిసెస్సు" అని అడిగింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఆయన నూనె మానేశారు. పప్పు పోపు లేకుండా అడిగారు. అత్తమ్మ చేసే మటన్ కూర ముందు పెట్టుకుని, అన్నంలో మజ్జిగ పోసుకుని లేచేవారు.

"ఏందిరా, నా చేతి కూర పడ్తలేదా నీకు?" అంది అత్తమ్మ.

"పడకేందమ్మా. ఎండలకు వేడి చేస్తదని."

"వానలు పడ్తున్నయ్. ఎండ ఎక్కడుందిరా?"

ఆయన కంచంలో చెయ్యి కడుక్కున్నారు. నేనేమీ అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందో నాకు తెలుసు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. మందిరంలో రెండు వైపులా రొట్టె ముక్కలున్న పళ్ళెం ఒక్కోటి వరస వెంట చేతులు మారుతూ వస్తుంది, దాని వెనకే చిన్న కప్పుల్లో ద్రాక్షరసం. తీసుకునే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవాలి. ఎవరితోనైనా తగువున్నా, లోపల తేలని సంగతి ఏదైనా ఉన్నా, పళ్ళెం అంచు తాకి పక్కవాళ్ళకు అందించేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. కానీ అందరూ చూస్తారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు కాబట్టి మా ఆయన నాకు నడవ దాటి స్పష్టంగా కనబడతారు.

ఆ ఆదివారం పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన అంచు తాకి పక్కాయనకు అందించేశారు.

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో, ఓటీ లేని ఏ మొదటి ఆదివారమూ ఆయన బల్ల వదల్లేదు. నొప్పి తిరిగి వచ్చిందని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ చెయ్యే చెప్పింది. నా ముక్క నా అరచేతిలోనే ఉంది. ద్రాక్షరసం దగ్గరికొచ్చాకే నోట్లో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ పక్కింటికి వెళ్ళేదాకా ఆగి అడిగాను. "ఎప్పటి నుంచి?"

"ఎప్పటినుంచైతే ఏంది."

"డాక్టర్ దగ్గరికి వెళదామండీ. రేపే."

"పొయ్యి ఏం చెప్తం? తగ్గిందని మైకుల చెప్పిన. ఇప్పుడు కడుపు కోయించుకుంట అని చెప్పాలెనా?"

"జనం ఏమనుకుంటారనా?"

"జనం సంగతి పక్కకు పెట్టు." ఆయన మంచం అంచు మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నారు. "దేవుని పేరు తీసుకుని చెప్పిన మాట. నేను అబద్ధం చెప్పినట్టా, ఆయన సగం చేసి ఇడిసిపెట్టినట్టా? నువ్వు సదువుకున్నవ్ కద. చెప్పు, ఏది?"

నేను నేర్చుకున్న జవాబులన్నీ మెత్తగా, అరిగిపోయినట్టు అనిపించాయి. అయ్యగారితో ఒక మాట చెబుతానన్నాను.

"నువ్వు చెప్పినవనుకో, నేను మళ్ల ఆ మందిరంల అడుగుపెట్ట."

బెదిరింపు కాదది. ఆయన ఏదైనా అంటే అంతే చేస్తారు. ఇక నేను రెండు తలుపుల మధ్య నిలబడ్డదాన్ని. మాట బయటపెడితే ఆయన సంఘానికి దూరమవుతారు. మా ఇంట్లో సంఘం లేకుండా బతుకు ఎలా ఉంటుందో నాకు ఊహకే అందదు. పెట్టకపోతే ఏదో ఒక రోజు ఆ రాయి కదులుతుంది. ఆయన స్నానాల గదిలో కొంచెం ఆలస్యమైతే తలుపు దగ్గరికి వెళ్ళి నీళ్ళ చప్పుడు వినేదాన్ని. కళ్ళు పచ్చబడ్డాయేమోనని వెలుతురులో చూసేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది. "ఏం చూస్తున్నవ్? నా కండ్లల్ల సినిమా వస్తుందా?" అనేవారు.

అన్నింటికన్నా కష్టం మంగళవారం ఆడవాళ్ళ తరగతి. అక్కడ విశ్వాసం గురించి చెప్పాలి నేను. ఎవరో ఒకరు మా ఆయన సాక్ష్యం ఎత్తేవారు. "మీ ఇంట్లోనే జరిగింది కదా సిస్టర్" అనేవారు. అవునని తల ఊపి తర్వాతి వచనానికి వెళ్ళేదాన్ని. ఇంటికి నడిచి వస్తుంటే వర్క్‌షాపు గోడ పక్కన నాలో నేనే దేవుడితో వాదించేదాన్ని. మా ఆయనకు స్వస్థత ఇవ్వమని కాదు, నిజం చెప్పడానికి ఆయన నోటికి దారి ఇవ్వమని.

తర్వాతి నెల మొదటి ఆదివారం మందిరం గేటు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. ఆయన మా ఆయన పనిచేసే వర్క్‌షాపులోనే వెల్డరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన ఆయన్ని కాకా అని పిలుస్తారు. పని నేర్పిన మనిషి.

"ఏంరా, బక్కగైనవ్?"

"ఏం లేదు కాకా."

"నాకు మటుకు ఉన్నది." పెద్దాయన పంచె మీద నుంచే పొత్తికడుపు పక్కన చెయ్యి పెట్టి చూపించారు. "హెర్నియా అంట. మా కోడలు పరేషాన్ చేస్తున్నది, దవాఖానకు పోదాం మామా, పోదాం మామా అని. నేను ఒక్కటే మాట చెప్పిన. వాడు ఓటీకి పోకుంటనే బాగైండు, నా కండ్ల ముందట చెప్పిండు. నేను సుత పోను అని."

మా ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "డాక్టర్ ఏమన్నడు?"

"పేగు చిక్కుతదట. చిక్కనీ. నువ్వున్నవ్ గద నాకు సాక్షివి."

పెద్దాయన ఆయన భుజం తట్టి లోపలికి నడిచారు. మా ఆయన గేటు పట్టుకుని అక్కడే ఉన్నారు. పాట మొదలైంది. "రండి" అన్నాను. నా వైపు చూశారు గాని నన్ను చూసినట్టు లేదు.

సాక్ష్యాల సమయంలో ఆయన లేవలేదు. ప్రసంగం అయింది. అయ్యగారు పళ్ళెం మీద గుడ్డ తీసి, ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమన్నారు. ఎప్పటిలాగే తలలన్నీ వంగాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరూ మాట్లాడరు. అలా మధ్యలో మాట్లాడడం మా మందిరంలో ఎన్నడూ జరగలేదు. కుర్చీ జరిగిన చప్పుడు విని తలెత్తాను. మా ఆయన నిలబడి ఉన్నారు.

"అయ్యగారూ, జెర ఒక మాట."

మైకు లేదు. వెనక వరసల వాళ్ళు వినడానికి ముందుకు వంగారు.

"నేను తగ్గిందని చెప్పిన. ఆ రోజు తగ్గింది. మళ్ల వచ్చింది. వచ్చి శాన దినాలైంది, చెప్పలే. రాళ్లు ఉన్నయ్. నేను ఆపరేషన్‌కు పోతున్న." ఊపిరి తీసుకున్నారు. "నా మాట పట్టుకుని ఎవరన్న దవాఖానకు పోకుంట ఆగితే, ఆగకుండ్రి. దేవుని మీద ఆగుండ్రి గని, నా మీద ఆగకుండ్రి."

కూర్చున్నారు. తన ముందు వరసలో ఉన్న పెద్దాయన వైపు చూడలేదు. పెద్దాయన మెడ బిగుసుకుపోయి ఉంది.

అయ్యగారు పళ్ళెం బల్ల మీద పెట్టి కళ్ళద్దాలు తీశారు. ఆ సాక్ష్యాన్ని ఎన్ని చోట్ల చెప్పారో ఆయనకే తెలుసు. ఆ క్షణంలో ఆయన ఏమైనా అనవచ్చు, ఆ అన్నదాని మీదే మా బతుకు నిలుస్తుంది. నా పక్కనున్న అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమెకు అప్పటిదాకా ఏమీ తెలియదు.

"ఎప్పుడు తమ్ముడూ?" అన్నారు అయ్యగారు.

"ఇంక తారీఖు అడగలే."

"అడుగు. ఆ రోజు మేమందరం ఉపవాసం ఉంటాం."

అంతే అన్నారు. పళ్ళెం కదిలింది. నేను మా ఆయన చేతినే చూస్తున్నాను. ఆయన మళ్ళీ అంచు తాకి అందించేశారు. నాకు అర్థం కాలేదు, తర్వాత అయింది. దేవుడి దగ్గర తేలింది గాని, కాకా దగ్గర తేలలేదు.

ఆరాధన అయ్యాక పెద్దాయన మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కొందరు వచ్చి చెయ్యి కలిపారు. కొందరు చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల దించుకున్నారు. నా తరగతికి వచ్చే ఒకావిడ, "కొంచెం విశ్వాసం పట్టుకుని ఉండవలసింది సిస్టర్" అంది, నిజంగా బాధతోనే. ఆ మంగళవారం కూడా తరగతి చెప్పాను. ఎప్పుడూ వచ్చేవాళ్ళలో కొంతమంది రాలేదు. వచ్చినవాళ్ళు సాక్ష్యం ఊసెత్తలేదు.

అత్తమ్మ మాత్రం రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ, "ఎండలకు వేడి చేస్తదని చెప్పినవ్ కదరా దొంగముండకొడకా" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పెద్దాయన మా ఇంటికొచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీదే కూర్చున్నారు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నారు. నేను చాయ్ పట్టుకెళ్ళి గుమ్మం దగ్గర ఆగాను.

"నన్ను ఒంటరోణ్ణి చేసినవ్ గదరా" అన్నారు పెద్దాయన.

"తప్పైంది కాకా."

"నువ్వు ఎంబడి ఉన్నవనుకుని కోడలితోని ఎంత కొట్లాడిన. ఇప్పుడు దాని ముందట నా ఇజ్జత్ ఏముంది?"

"నేనొచ్చి చెప్త కాకా, నా వల్లనే అని."

"నువ్వేం చెప్పకు. ఇప్పటికే శాన చెప్పినవ్." చాయ్ అందుకుని ఊదుకున్నారు. "కత్తి అంటే నాకు భయంరా. చిన్నప్పటి సంది. అది విశ్వాసం గిశ్వాసం కాదు, భయం. నువ్వు నిలబడి చెప్పంగనే నా భయానికి మంచి బట్టలు దొరికినయ్." ఒక గుక్క తాగారు. "నీ తారీఖు అడగనీకి పోతే, నాకోసం సుత అడుగు."

ఆపరేషన్ రోజు పొద్దున మా ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే వెంట నడిచాను. వరండా పొడుగునా ఒక చక్రం కీచుమంటోంది. ఆయన పడుకునే తల తిప్పి చూశారు.

"ఈ బేరింగుకు గ్రీజు పెట్టక ఎన్నేండ్లయిందో" అన్నారు, తోసేవాడితో.

"చెప్పి చెప్పి యాష్టకొచ్చింది సార్" అన్నాడు అతను.

తలుపు దగ్గర నన్ను ఆపేశారు. పైన ఎర్రటి అక్షరాలు. తలుపు మూసుకుంది, చక్రం చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది.

బయట కుర్చీలో కూర్చుని నేను మాస్టారి నియమం తప్పాను. ఆ రెండక్షరాల్నే చూస్తూ కూర్చుంటే అన్నీ కలిసిపోయాయి. ఆయన రాని ఆదివారాలు, ఎడారిలో నడిచే జనం, బొత్తాం పెట్టుకోవడం నేర్చుకునే పక్కింటి పాప. వీటికీ వీటికీ ఏ సంబంధమూ లేదని తెలుసు. కానీ బయట కూర్చున్నవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో తెలియదు, మనసు దొరికినదల్లా తెచ్చి కడుతుంది. ప్రార్థించాలని కళ్ళు మూసుకుంటే మాటలు రాలేదు. ఇన్నేళ్ళు జనానికి ప్రార్థన నేర్పినదాన్ని. చివరికి ఆయన పేరొక్కటే లోపల అనుకుంటూ కూర్చున్నాను. నా తరఫున ఉపవాసమున్నవాళ్ళు మాట్లాడుతున్నారని నమ్మాను. విశ్వాసం పట్టుకుని ఉండవలసిందన్న ఆవిడ కూడా ఆ రోజు ఉపవాసం ఉందని తర్వాత తెలిసింది.

తలుపు తెరుచుకుని పేషెంటు తాలూకు ఎవరని పిలిచేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, బాగా జరిగిందని చెప్పి, ఒక చిన్న సీసా చూపించింది. అందులో రాళ్ళు, ముదురు గోధుమరంగులో, శనగల్లా.

"ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కష్టమయ్యేది" అంది.

సాయంత్రం ఆయనకు తెలివి బాగా వచ్చాక ఫోను మోగింది. వర్క్‌షాపు నుంచి సూపర్‌వైజరు. సెలవు సంగతి మర్చిపోయినట్టున్నాడు. ఫోను స్పీకరు మీద ఉంది.

"ఆదివారం ఓటీ ఉంది, వస్తవా?"

మా ఆయన నీరసంగా నా వైపు చూశారు. "ఇప్పుడే ఓటీలకెళ్లి వచ్చిన సార్" అన్నారు. నవ్వితే కుట్లు లాగి, పొట్ట పట్టుకున్నారు. ఆ ఏడాదిలో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

పెద్దాయన ఆపరేషన్ తర్వాతి వారం అయింది. మళ్ళీ మొదటి ఆదివారం వచ్చేసరికి ఇద్దరూ ఒకే వరసలో, ఇద్దరూ పొట్టల మీద చెయ్యి వేసుకుని, మెల్లగా కూర్చున్నారు. సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవమని అయ్యగారు పిలిచి, కుడివైపు వరసలు చూశారు. మా ఆయన లేవలేదు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు.

పళ్ళెం వచ్చింది. పెద్దాయన ఒక ముక్క తీసుకుని పళ్ళేన్ని మా ఆయనకు పట్టుకున్నారు. ఆయన వేళ్ళు అంచు దగ్గర ఆగాయి. తర్వాత లోపలికి వెళ్ళాయి.

"సిస్టర్," అంది నా పక్కావిడ మెల్లగా, "పళ్ళెం."

అప్పటికి ఎంతసేపయిందో, మా వరస పళ్ళెం నా ఒళ్ళోనే ఉంది.